కాఫీ పొడి, మిఠాయి చైన్ షాపులు: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో మాది కాఫీ పొడి, మిఠాయిల దుకాణం. వెనక గదిలో గింజలు వేయించే డ్రమ్ము, ముందు గ్రైండర్, ఇంకో పక్క స్వీట్ల అద్దాల బీరువా ఉంటాయి. జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట నుంచి కూడా గిరాకీ వస్తుంది. ఇలాంటి షాపు పెట్టాలనుకునే పిల్లలు సలహా అడగడానికి వస్తుంటారు. పెద్ద పెద్ద చైన్లు ఎలా పుట్టాయన్న దాని మీద వాళ్లలో చాలామందికి తప్పుడు లెక్కలున్నాయి. ఆ లెక్కలతోనే అప్పు చేసి దిగుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చైన్ కట్టాలంటే మొదటి రోజు నుంచే కోట్లు ఉండాలి.

జర్మనీలో ఫీర్జెన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ కైజర్ కుటుంబానికి ఒక కిరాణా కొట్టు ఉండేది. 1880లో ఆ ఇంటి కొడుకు యోసెఫ్ కైజర్ కొట్టు పనిలోకి దిగాడు. ఆ రోజుల్లో ఆడవాళ్లు పచ్చి కాఫీ గింజలు కొనుక్కుపోయి ఇంట్లో పెనం మీద వేయించుకునేవాళ్లు. మంట ఒక్కతీరుగా ఉండదు, సగం గింజలు మాడిపోతాయి, సగం లోపల పచ్చిగానే ఉండిపోతాయి. కైజర్ ఆ పని తన కొట్లోనే చేసి, వేయించిన గింజలు అమ్మడం మొదలుపెట్టాడు. ఇంటి పని ఒకటి తగ్గింది, రుచి ప్రతిసారీ ఒకేలా ఉంది. 1914 నాటికి ఆ కుటుంబం షాపులు వెయ్యి దాటాయి.

ఇందులో అసలు కిటుకు అర్థం కావాలంటే గింజ స్వభావం తెలియాలి. పచ్చి గింజను తేమ తగలకుండా ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. వేయించిన వెంటనే దానిలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడం మొదలవుతుంది, గాలి తగిలి వాసన తగ్గిపోతుంటుంది. గింజగా ఉంటే కొన్ని వారాలు ఆగుతుంది, పొడి కొడితే రోజుల్లోనే చప్పబడిపోతుంది. కాబట్టి వేయించిన సరుకు అమ్మేవాడికి గోదాం నింపడం వల్ల లాభం లేదు. సరుకు తొందరగా కదలాలి. అది కదలాలంటే గిరాకీకి దగ్గరగా చిన్న చిన్న షాపులు చాలా ఉండాలి. కాఫీలో బ్రాంచీలు పెరగడానికి కారణం యజమాని ఆశ కంటే ఈ గింజ గుణమే అని నా నమ్మకం. ఈ ఒక్క సంగతి పట్టుకున్నవాడికి చిన్న డ్రమ్ముతో మొదలుపెట్టడానికి భయం ఉండదు.

ఇంకో లెక్క కూడా ముందే తెలుసుకోవాలి. వేయిస్తే గింజ బరువు 15 నుంచి 20 శాతం దాకా తగ్గుతుంది. కిలో పచ్చి గింజలు పోస్తే చేతికి వచ్చేది 800 నుంచి 850 గ్రాములే. కొత్తవాళ్లు ఈ తరుగు వేసుకోకుండా రేటు పెట్టి మొదటి ఏడాదే దెబ్బతింటారు.

అపోహ: కాఫీతో స్వీట్లు కలిపి అమ్మడం ఈ మధ్య వచ్చిన కేఫ్ ఫ్యాషన్.

కాదు. యూరప్‌లో కాఫీ, టీ, కోకో, చక్కెర అన్నీ ఓడల్లో దూర దేశాల నుంచి ఒకే రేవుకు దిగేవి, ఒకే కొట్లో అమ్ముడయ్యేవి. అందుకే కాఫీ వేయించే కుటుంబాలు చాక్లెట్‌లోకి వెళ్లడం సహజంగా జరిగింది. కైజర్ వాళ్లు సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టారు. 1867లో వ్యాపారం మొదలుపెట్టిన ష్మిట్స్-షోల్ అనే ఇంకో జర్మన్ కుటుంబం కూడా అంతే. వాళ్ల చాక్లెట్ల పేరు విస్సోల్. వ్యవస్థాపకుడు విల్హెల్మ్ ష్మిట్స్-షోల్ పేరులోని ముక్కలు కలిపితే వచ్చిన పేరది.

మన దగ్గర దీనికి కారణం వేరు. కాఫీ పొడి నెలనెలా కొనే సరుకు, మిఠాయి పండగ సరుకు. బతుకమ్మ, దసరా, దీపావళి, పెళ్లిళ్ల సీజన్‌లో స్వీట్లు దుకాణాన్ని లేపుతాయి. మిగతా రోజుల్లో అద్దె, కరెంటు బిల్లు కట్టేది పొడే. రెండూ ఉంటే ఏడాది పొడుగునా మనుషులకు పని ఇవ్వగలం. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: గ్రైండర్ పక్కన నెయ్యి స్వీట్లు పెట్టకండి. నెయ్యి కాఫీ వాసన లాగేసుకుంటుంది, మైసూర్ పాక్ తిన్నవాళ్లు ఇదేంటని అడుగుతారు. విడి స్వీట్ల ట్రేల మీద ఎప్పటిలోపు తినాలో తేదీ రాయడం 2020 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి. అది కూడా మర్చిపోవద్దు.

అపోహ: బోర్డు మీద పేరే యజమాని ఇంటిపేరు.

ష్మిట్స్-షోల్ కుటుంబం తమ షాపులకు టెంగెల్‌మన్ అని పేరు పెట్టింది. ఎమిల్ టెంగెల్‌మన్ వాళ్ల దగ్గర పనిచేసిన ఉద్యోగి. 1949లో హాంబర్గ్‌లో మాక్స్ హెర్జ్, కార్ల్ చిల్లింగ్-హిర్యాన్ కలిసి మొదలుపెట్టిన కాఫీ వ్యాపారం చీబో. ఆ పేరులో చిల్లింగ్ ఉన్నాడు, గింజ ఉంది (జర్మన్‌లో గింజను బోనె అంటారు), హెర్జ్ లేడు. వ్యాపారం నిలిచింది మాత్రం హెర్జ్ కుటుంబం చేతిలో. వాళ్లు మొదట షాపు కూడా పెట్టలేదు, వేయించిన కాఫీని పోస్టులో ఇళ్లకు పంపారు.

అపోహ: చికోరీ కలిపారంటే కల్తీ చేసినట్టే.

"అన్నా, ప్యూర్ ఇయ్యి, చికోరీ గికోరీ వద్దు" అనే మాట కౌంటర్ దగ్గర ఎక్కువగా వింటాను. చికోరీ ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండిస్తారు. ఆ వేరును ఎండబెట్టి, వేయించి పొడి కొడతారు. అందులో కెఫిన్ ఉండదు. డికాక్షన్‌కు చిక్కదనం, ముదురు రంగు, కొంచెం తీపి కలిసిన చేదు ఇస్తుంది. పాలు ఎక్కువ పోసుకునే మన అలవాటుకు అది బాగా సరిపోతుంది. నా వరకు నేను 80 శాతం కాఫీ, 20 శాతం చికోరీ కలిపిన పొడే తాగుతాను.

చట్టం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. రాసి అమ్మితే అది మిశ్రమం. చెప్పకుండా కలిపి ప్యూర్ రేటు తీసుకుంటే అది మోసం, అలాంటి దుకాణం మీద నాకు నిజంగా కోపం వస్తుంది. అనుమానం ఉంటే గ్లాసు నీళ్ల మీద చిటికెడు పొడి చల్లండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ వెంటనే కిందికి దిగుతూ గోధుమరంగు చారలు వదులుతుంది.

పీబెర్రీ గురించి ఒక్క మాట. అది వేరే జాతి మొక్క కాదు. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఉంటాయి, ఒక్కోసారి ఒక్కటే గుండ్రంగా పెరుగుతుంది. దాన్ని ఏరి వేరు చేస్తారు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి డ్రమ్ములో చక్కగా దొర్లి సమంగా వేగుతుంది.

అపోహ: మన దేశంలో ఎవరైనా ఎప్పుడైనా కాఫీ చైన్ పెట్టి ఉండొచ్చు, ఆలోచన రాలేదంతే.

దశాబ్దాల పాటు తోట యజమాని తన పంటను కాఫీ బోర్డు అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించాల్సి వచ్చేది. నచ్చినవాళ్లకు అమ్ముకునే వీలు లేదు. 1990ల్లో ఆ కట్టుబాటు దశలవారీగా సడలి, 1996లో పూర్తిగా పోయింది. చిక్కమగళూరు తోటల కుటుంబం నుంచి వచ్చిన వి.జి. సిద్ధార్థ బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో మొదటి కేఫ్ కాఫీ డే తెరిచింది కూడా 1996లోనే. మాలాంటి గింజలు వేయించే చిన్న దుకాణాలవాళ్లు తోటవాళ్లతో నేరుగా మాట్లాడి గింజలు తెచ్చుకోగలుగుతున్నది ఆ మార్పు వల్లే. మిఠాయికి ఇలాంటి అడ్డు లేదు. తుంగభద్ర దాటితే కనిపించే కర్నూలులో పుల్లారెడ్డి స్వీట్లు 1948లోనే మొదలై హైదరాబాద్ దాకా వచ్చాయి.

అపోహ: ఒకసారి పేరు వస్తే చైన్ తరతరాలు నడుస్తుంది.

వెయ్యి షాపుల కైజర్ 1971లో టెంగెల్‌మన్ చేతికి వెళ్లింది. రెండు పేర్లూ కలిసి సూపర్ మార్కెట్లుగా నడిచి, చివరికి ఆ షాపులు ఎడెకా, రెవె అనే పోటీ సంస్థలకు వెళ్లిపోయాయి. చీబో 1997లో ఎడుషో అనే పెద్ద పోటీదారును కొనేసింది. కానీ ఇంట్లో గొడవలు ముదిరి 2003లో హెర్జ్ కుటుంబంలో ఇద్దరు తమ వాటా డబ్బు తీసుకుని బయటికి వెళ్లారు. మిగిలినవాళ్లు పేరు, వ్యాపారం ఉంచుకున్నారు. షాపులు ముక్కలు కాలేదు.

మన ఊళ్లలో ఇది వేరేగా జరుగుతుంది. పెద్దాయన పోయాక అన్నదమ్ములు విడిపోతారు, ఒకే బజారులో ఒకే పేరుతో రెండు బోర్డులు వెలుస్తాయి. ఏది అసలుదో గిరాకీకి తెలియదు, ఒకచోట సరుకు పాడైతే రెండోచోట కూడా మాట పడుతుంది. బిల్డింగు, బంగారం పంచుకునేటప్పుడు కూర్చున్నట్టే పేరు గురించి కూడా పెద్దలు ఉండగానే కూర్చోండి. దుకాణం పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ అయిందా, అయితే ఎవరి పేరు మీద అయిందో చూసుకోండి. ఆ రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది, గడువు అయ్యాక మళ్లీ రెన్యువల్ చేయించాలి.