కుండీ మొక్క ఆకు రంగు మారితే: అపోహలు – వాస్తవాలు

విజయవాడ, గుంటూరు నగరాల్లో ఇళ్లలోని, కార్యాలయాల్లోని కుండీ మొక్కలను చూసుకోవడం నా వృత్తి. నాకు ఫోను చేసేవారిలో ఎక్కువమంది ‘ఆకులు పసుపుబారుతున్నాయండీ, ఏం వేయమంటారు?’ అని అడుగుతారు. మందు పేరు చెప్పే ముందు నేను వారిని మూడు విషయాలు అడుగుతాను: రంగు మారినది కింది ముదురాకా, పై చిగురాకా; ఈనెలు పచ్చగానే ఉన్నాయా, ఆకంతా ఒకేలా పాలిపోయిందా; మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించితే తడి తగులుతోందా, లేదా. ఈ మూడూ తెలియకుండా వేసే ఎరువు మేలు చేయకపోగా, చాలాసార్లు అసలు కారణాన్ని మరుగుపరుస్తుంది.

అపోహ: ఆకు పసుపుబారితే మొక్కకు బలం చాలలేదని అర్థం.

వాస్తవం: ఇంటి లోపలి మొక్కల్లో ఆకు పసుపుబారడానికి నేను ఎక్కువగా చూసే కారణం నీరు ఎక్కువ కావడం. వేళ్లకూ గాలి కావాలి. మట్టిలోని ఖాళీల్లో ఎప్పుడూ నీరే నిలిచి ఉంటే వాటికి ప్రాణవాయువు అందదు, అవి కుళ్లడం మొదలవుతుంది, కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు కనుక మట్టి తడిగా ఉండగానే మొక్క వాడిపోతుంది. ఆ వాడడం చూసి దాహమనుకొని మళ్లీ నీళ్లు పోస్తారు. మే నెలలో మన బాల్కనీలోని కుండీకి రోజూ నీరు కావలసి రావచ్చు కాని, అదే కుండీకి ఆగస్టు ముసురులో నాలుగైదు రోజుల పాటు చుక్క కూడా అక్కర్లేకపోవచ్చు. కాబట్టి నీళ్లు ఎప్పుడు పోయాలో వారాన్ని బట్టి కాక, వేలికి తగిలే తడిని బట్టి నిర్ణయించుకోవాలి.

అనుమానం ఉంటే మొక్కను కుండీ నుంచి తీసి వేళ్లు చూడండి. గట్టిగా, లేత రంగులో ఉన్నవి మంచివి. గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుని లాగితే పైతొడుగు ఊడివచ్చేవి కుళ్లినవి. కుళ్లినంత మేర కత్తిరించి, ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపిన కొత్త మిశ్రమంలో నాటి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంద్రాలను అరికట్టే మందు) కలిపి మొదలు తడపండి. ఆ మిశ్రమంలో ఉన్నది కాక, కొత్త ఆకు కనిపించేదాకా ఇంకే ఎరువూ వద్దు. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్నది కూడా అపోహే. ఆ రాళ్ల పొరకు పైన ఉన్న మట్టి నీటిని పట్టి ఉంచుతుంది, వేళ్లకు మిగిలే చోటు తగ్గుతుంది.

నిజంగా పోషకాలు చాలని మొక్క తన సంగతి వేరే తీరుగా చెబుతుంది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం వంటివి మొక్క లోపల కదలగలవు, కొరత వచ్చినప్పుడు మొక్క వాటిని ముదురాకుల నుంచి తీసి చిగుళ్లకు పంపుతుంది, అందుచేత ఆ లోపాలు ముందు కింది ఆకుల్లో కనిపిస్తాయి. ఆకంతా సమంగా పాలిపోతే నత్రజని, అంచులు మాడితే పొటాష్, ఈనెల మధ్య భాగం పసుపుబారితే మెగ్నీషియం. ఇనుము అలా కదలదు. దాని లోపం చిగురులోనే కనిపిస్తుంది.

అపోహ: చిగుళ్లు పాలిపోతే మట్టిలో ఇనుము లేదని అర్థం, గుడ్డు పెంకులో, ఎప్సమ్ సాల్టో వేస్తే సరి.

వాస్తవం: మన ప్రాంతానికి సంబంధించినంతవరకు నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. చిగురాకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం నిమ్మపండు రంగుకు, ముదిరితే దాదాపు తెలుపుకు తిరిగితే, అది ఇనుము అందకపోవడమే. అయితే ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేదే ఇనుము! మట్టిలో ఉన్నది మొక్కకు ఎందుకు అందడం లేదు? మన అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల కుండీలకు పోసేది బోరు నీరు. అందులోని బైకార్బొనేట్లు నెలల తరబడి మట్టిలో చేరి క్షారగుణాన్ని పెంచుతాయి, ఉదజని సూచిక (పీహెచ్) 7.5 దాటేసరికి ఇనుము వేళ్లు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. నల్లరేగడి తెచ్చి నింపిన కుండీల్లో ఈ ఇబ్బంది మొదటి రోజు నుంచే ఉంటుంది. గుడ్డు పెంకులో ఉన్నది చాలావరకు కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయిలోని పదార్థమే. క్షారం ఎక్కువై బాధపడుతున్న మొక్కకు దాన్ని వేయడం పుండుమీద కారం చల్లడమే. ఎప్సమ్ సాల్టు మెగ్నీషియం లోపానికి మాత్రమే పనికొస్తుంది.

బత్తాయి, వేరుసెనగ రైతులు ఎంతోకాలంగా వాడుతున్న మందే ఇక్కడా పనిచేస్తుంది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. లేత ఆకులుండే ఇంటి మొక్కలకు నేను ఇందులో సగం మోతాదే వాడి, ముందు ఒక్క ఆకుపై కొట్టి రెండు రోజులు గమనిస్తాను. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. తుప్పు రంగు పొడిగా మారినది కొనకండి. ద్రావణాన్ని అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం వేళ, టైల్స్‌పై మరక పడకుండా బయట పెట్టి కొట్టండి. మట్టికే ఇవ్వదలిస్తే చీలేటు రూపంలోని (వేళ్లు తీసుకోగలిగేలా పట్టి ఉంచిన) ఇనుములో ఈడీడీహెచ్‌ఏ రకం అడగండి; సాధారణంగా దొరికే ఈడీటీఏ రకం క్షార మట్టిలో ఇనుమును పట్టి ఉంచలేదు. పిచికారీతో ఇప్పుడున్న ఆకు మాత్రమే కోలుకుంటుంది. రాబోయే చిగురు కూడా పచ్చగా రావాలంటే పోసే నీరు మారాలి: వాన నీరు, ఏసీ నుంచి కారే నీరు, లేదా మున్సిపల్ కుళాయిలో వచ్చే కృష్ణా నీరు.

అపోహ: ఆకు కొసలు ఎండుతున్నాయంటే నీళ్లు చాలడం లేదు.

వాస్తవం: కొన్నిసార్లు అది నిజమే. కాని డ్రసీనా, స్పైడర్ ప్లాంట్, అరీకా పామ్ ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి, కుండీ అంచున తెల్లని పొర కడితే, అది ఉప్పు పేరుకోవడం. తాగునీటి ఆర్‌ఓ యంత్రం వదిలే నీటిని వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో చాలామంది మొక్కలకు పోస్తున్నారు. వడపోతలో వేరుపడిన లవణాలన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. ఇల్లు తుడవడానికి వాడండి, కుండీకి వద్దు. రాత్రంతా బకెట్టులో నిలవ ఉంచితే క్లోరిన్ కొంత పోతుందే కాని, లవణాలు, ఫ్లోరైడు పోవు. పల్నాడు వైపు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండే గ్రామాలున్నాయి, డ్రసీనా జాతి దాన్ని అసలు తట్టుకోలేదు. మూడు నాలుగు నెలలకొకసారి కుండీ పరిమాణానికి రెట్టింపు మంచి నీటిని నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రం నుంచి పూర్తిగా దిగిపోనివ్వండి. పళ్లెంలో దిగిన నీటిని పారబోయండి.

అపోహ: ఆకుపై చుక్కలు వస్తే ఏదో ఒక పురుగుమందు కొట్టాలి.

వాస్తవం: సూదితో పొడిచినట్టు సన్నని లేత చుక్కలు నిండి, ఆకు అడుగున పలుచని గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి. గుంటూరు మిర్చి రైతులకు నల్లి ఎంత పరిచయమో చెప్పనక్కర్లేదు. ఆకును తెల్ల కాగితంపై తట్టండి. రాలిన చుక్కలు నడిస్తే నల్లే. నల్లి కీటకం కాదు, సాలీడు వర్గానికి చెందినది, కనుక రసం పీల్చే పురుగులకు వాడే ఇమిడాక్లోప్రిడ్ దానిపై పనిచేయదు. ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో గట్టిగా కడిగి, లీటరుకు 5 మి.లీ. వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి, సాయంత్రం పూట వారానికొకసారి మూడు వారాలు కొట్టండి. గంధకం మందు కూడా పనిచేస్తుంది కాని, మన వేసవి ఎండలో అది ఆకును కాల్చేస్తుంది.

అపోహ: ఎండ ఎంత తగిలితే అంత పచ్చదనం.

వాస్తవం: పడమటి బాల్కనీలో, రోహిణి కార్తె ఎండలో పీస్ లిల్లీ, అగ్లోనిమా ఆకులు ఎండకు ఎదురుగా ఉన్న వైపే తెల్లబారి మాడతాయి. అది తెగులు కాదు, మందు లేదు. మొక్కను లోపలికి జరపండి. కడియం నర్సరీల్లో షేడ్‌నెట్ కింద పెరిగి వచ్చిన కొత్త మొక్క చోటు మారిన మొదటి వారాల్లో కొన్ని ఆకులు రాల్చినా కంగారుపడి కుండీ మార్చకండి.

అపోహ: చికిత్స సరైనదైతే పాడైన ఆకులన్నీ మళ్లీ పచ్చబడతాయి.

వాస్తవం: ఇనుము లోపంతో పాలిపోయిన చిగురు చాలావరకు కోలుకుంటుంది. పూర్తిగా పండిన ముదురాకు, మాడిన అంచు మాత్రం ఎప్పటికీ అలాగే ఉంటాయి. అందుకే చికిత్స చేసిన రోజున పై చిగురు కాడకు నేను ఒక దారం కట్టి, ఆ దారానికి పైన వచ్చిన ఆకులను మాత్రమే నెల తర్వాత చూస్తాను. సగానికి పైగా పచ్చదనం ఉన్న పాత ఆకును అప్పటిదాకా కత్తిరించను, ఎందుకంటే కొత్త చిగురుకు ఆహారం తయారుచేసి పంపేది ఆ ఆకే.