పళ్ల సెట్టు కింద ఎర్రబడే అంగిలి

ఒంగోలు, కందుకూరు వైపు ఇళ్లలో పెద్దవాళ్లు పళ్ల సెట్టు పెట్టించుకున్నాక దాన్ని తీయడానికి ఇష్టపడరు. బోసినోటితో కనపడటం నామోషీ అనుకుని, పెట్టుకునే పడుకుంటారు. వాళ్లను ఒకసారి సెట్టు తీయమని, టార్చి వేసి పై అంగిలి చూడండి. చాలామందికి సెట్టు ఆనినంత మేరా ఎర్రగా కంది ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

సెట్టు అడుగు భాగం ఆక్రిలిక్ ప్లాస్టిక్. చేతికి నున్నగా తగిలినా దాని నిండా సూక్ష్మమైన గుంటలుంటాయి. స్ట్రెప్టోకాకస్ వంటి బాక్టీరియా, కాండిడా అనే ఫంగస్ అక్కడ చేరి, ఒకదాన్నొకటి అంటుకుని జిగురు పొర కడతాయి. మామూలుగా అయితే లాలాజలం వీటిని కడిగేస్తుంది. అందులోని ఐజీఏ అనే యాంటీబాడీలు (రక్షణ ప్రోటీన్లు) వీటిని అంటుకోనివ్వవు. కానీ పై సెట్టు అంగిలిని గట్టిగా కరిచిపెట్టుకుని ఉంటుంది, లాలాజలం లోపలికి సరిగా చేరదు. కింది సెట్టుకు ఆ ఇబ్బంది తక్కువ. అందుకే ఎరుపు ఎక్కువగా పైనే వస్తుంది.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటి. సూక్ష్మజీవులను మింగే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు నోట్లోకి వచ్చేది ముఖ్యంగా పంటికీ చిగురుకీ మధ్య సందులోంచి. పళ్లన్నీ పోతే ఆ దారులూ మూసుకుపోతాయి. పళ్లు లేనివాళ్ల లాలాజలంలో ఈ కణాలు బాగా తక్కువ.

ఇక కాండిడా పోగులుగా సాగినప్పుడు కాండిడాలైసిన్ అనే విషాన్ని వదులుతుంది. దీన్ని 2016లో గుర్తించారు. అది అంగిలి పైపొర కణాలకు చిల్లులు పెడుతుంది. దెబ్బతిన్న కణాలు రసాయన సంకేతాలు పంపుతాయి. వాటికి స్పందించి టీహెచ్17 అనే రక్షణ కణాలు ఐఎల్-17 అనే సంకేత రసాయనాన్ని విడుదల చేసి మరిన్ని న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తాయి. అవి విడిగా దొరికిన క్రిములను మింగేస్తాయి. కొన్ని తమ డీఎన్ఏనే వలలా బయటికి విసురుతాయి, ఈ సంగతి 2004లో బయటపడింది. అయితే ప్లాస్టిక్‌కు అతుక్కున్న పొరను మింగడం వాటి వల్ల కాదు. అవి వదిలిన ఎంజైములు మన కండనే కొంత దెబ్బతీస్తాయి. ఆ ఎరుపులో మన కణాలు చేసిన గాయం కూడా ఉందన్నమాట.

షుగర్ అదుపులో లేకపోతే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి. ఈ పొగాకు ప్రాంతంలో చుట్ట, బీడీ అలవాటున్న పెద్దలు ఎక్కువ, పొగ కూడా నోటి రక్షణను దెబ్బతీస్తుంది.

జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని మూడేళ్లు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్టుతో నిద్రపోయేవాళ్లలో న్యుమోనియా ముప్పు రెట్టింపుకు పైగా కనిపించింది. సెట్టు ఇచ్చేటప్పుడే ప్రతి డాక్టరూ ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాలని నా కోరిక.

రాత్రి తీసి, మెత్తని బ్రష్‌తో సబ్బు రాసి తోమి, చల్లని నీళ్లలో వేయాలి. వేడినీళ్లు వద్దు, ఆక్రిలిక్ వంకరపోతుంది. వంకరపోయిన సెట్టు అంగిలిని ఒరుసుకుంటుంది, ఒరిసినచోట కాండిడా ఇంకా తేలిగ్గా పాగా వేస్తుంది.