ఎడిన్‌బరాలో చదువుకుంటున్న మన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

సెప్టెంబరులో ఉత్సాహంగా ఇక్కడికి వచ్చిన మీలో కొందరు, నవంబరు దాటేసరికి ఎంత నిద్రపోయినా మత్తు వదలక, అన్నం మీదికీ తీపి మీదికీ తప్ప దేని మీదికీ మనసు పోక, స్నేహితులు పిలిచినా గది దాటబుద్ధి కాక, తమకు బద్ధకం పట్టుకుందని తమను తామే తిట్టుకుంటున్నారు. ఇంటి దగ్గర పెద్దవాళ్ళూ అదే మాట అంటారు. వాళ్ళను అనుకుని లాభం లేదు. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది. ఇక్కడ డిసెంబరు 21 ప్రాంతాల్లో ఉదయం 8.40కి పొద్దు పొడిచి, మధ్యాహ్నం 3.40కే కుంకుతుంది.

చలికాలంలో ఏటేటా వచ్చి, వసంతంలో తగ్గిపోయే ఈ దిగులును నార్మన్ రోసెంతాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1984లో అమెరికాలో ఒక ప్రత్యేకమైన రుగ్మతగా వర్ణించారు. ఎండలు కాసే దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్కుకు వచ్చిన ఆయన, చలికాలంలో తన హుషారు తగ్గడాన్ని స్వయంగా గమనించిన మనిషి. కంటిలో పడే ఉదయపు వెలుతురును బట్టి మెదడు నిద్రకూ మెలకువకూ వేళలు దిద్దుకుంటుంది కనుక, ఆ వెలుతురు ఆలస్యమైనప్పుడు ఒంటి గడియారం వెనకబడుతుందన్నది దీనికి చెప్పే కారణాల్లో ముఖ్యమైనది.

మన పిల్లల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఇక్కడ రాత్రి ఒంటిగంట అయితే మన ఊళ్ళో ఉదయం 6.30. అమ్మ లేచి కాఫీ కలుపుకునే వేళ అని అప్పటిదాకా మేలుకుని మాట్లాడి పడుకుంటారు. లేచేసరికి పదకొండు దాటుతుంది, ఉన్న 7 గంటల పగటిలో మూడో వంతు దుప్పటి కిందే పోతుంది. అదే ఫోను ఉదయం పదింటికి, బయట నడుస్తూ చేయండి. అక్కడ మధ్యాహ్నం 3.30, అమ్మకు తీరికే. మబ్బు పట్టిన పగలైనా, ఆరుబయటి వెలుతురు గదిలోని దీపం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గదిలో బల్లను కిటికీ దగ్గరికి జరపండి, పరదా తీసి ఉంచండి.

10,000 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) దీపపు పెట్టెలు కూడా దొరుకుతాయి. ఉదయం అరగంట సేపు, దాని వైపే చూడకుండా ఎదురుగా కూర్చుని చదువుకోవచ్చు. కంటి జబ్బు ఉన్నవారు, ఎప్పుడైనా ఉన్మాదపు పొంగు (నిద్ర లేకపోయినా అలుపు తెలియక హుషారు హద్దు దాటే స్థితి) వచ్చినవారు వైద్యుని అడగకుండా వాడకూడదు.

దిగులు రెండు వారాలు దాటినా, తిండీ చదువూ దెబ్బతిన్నా జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న స్థానిక వైద్యుడు) దగ్గరికి వెళ్ళండి. వీసాతో పాటు ఆరోగ్య రుసుము కట్టే వచ్చారు, స్కాట్లాండులో మందులకూ డబ్బు అడగరు. బతకాలనిపించని ఆలోచన వస్తే తెల్లవారే వరకు ఆగవద్దు. దిగులులో ఉన్నవారి మాట వినే సమారిటన్స్ అనే సేవాసంస్థకు, 116 123 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు, ప్రాణాపాయం అనిపిస్తే అత్యవసర నంబరు 999కి చేయండి. ఆ రాత్రి మా తలుపు కొట్టినా సరే.

ఇట్లు,
మీ పెద్దమ్మ