కౌలు గొడవ నుంచి హోమ్‌రూల్ దాకా: గ్లాడ్‌స్టన్ ఐర్లండ్ చట్టాలు

అసెంబ్లీ బాయ్‌కాట్, పరీక్షల బాయ్‌కాట్ అని మనం వాడే మాట నిజానికి ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో ఒక భూస్వామి దగ్గర ఏజెంటు. 1880లో కౌలు తగ్గించమన్న రైతులను పొలాల నుంచి ఖాళీ చేయించబోతే చుట్టుపక్కల జనం ఆయన్నే వెలివేశారు. కూలీలు పనికి రాలేదు, కొట్లో సరుకు ఇవ్వలేదు. ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ ప్రాంతం నుంచి 50 మందిని రప్పించి, సైన్యం కాపలాతో పంట తీయించాల్సి వచ్చింది. పంట విలువకన్నా కాపలా ఖర్చే ఎన్నో రెట్లు.

ఐర్లండ్ అప్పుడు బ్రిటన్ ఏలుబడిలో ఉంది. అప్పటి బ్రిటన్ ప్రధాని విలియం గ్లాడ్‌స్టన్‌కు ఈ తలనొప్పి పాతదే. 1868లో మొదటిసారి ప్రధాని అవుతున్నప్పుడే, ఐర్లండ్‌ను శాంతపరచడమే తన పని అన్నాడు. మరుసటి ఏడాది, కాథలిక్కులే ఎక్కువగా ఉన్న ఆ దేశంలో ప్రొటెస్టంట్ల ఆంగ్లికన్ చర్చికి ఉన్న ప్రభుత్వ హోదాను చట్టం చేసి తీసేశాడు.

అసలు చిక్కు భూమి దగ్గర. కౌలుదారు సొంత ఖర్చుతో కాలువ తవ్వి, గోడ కట్టి పొలం బాగుచేస్తే, బాగైన పొలానికి భూస్వామి కౌలు పెంచేవాడు. మన కౌలు రైతులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఖాళీ చేయిస్తే పరిహారం ఇవ్వాలని 1870 చట్టం అంది. కౌలు ఎంతన్నది మాత్రం భూస్వామి చేతిలోనే ఉంచింది. కౌలు కట్టలేకపోయినవాడికి ఖాళీ చేయించినందుకు పరిహారమూ ఉండదు. తలుపుకు గొళ్లెం పెట్టి దొడ్డిదారి తెరిచి ఉంచినట్టు. 1870ల చివర్లో పంటలు పోయాయి, ధరలు పడ్డాయి, బాకీలు పెరిగాయి. 1879లో మైకేల్ డావిట్ చొరవతో కౌలు రైతుల సంఘం లాండ్ లీగ్ పుట్టింది. ఐరిష్ ఎంపీ చార్లెస్ పార్నెల్ దానికి అధ్యక్షుడు.

1881 చట్టం ఆ దొడ్డిదారి మూసింది. కోర్టు కౌలు నిర్ణయిస్తే 15 ఏళ్లు పెంచకూడదు. కౌలు కడుతున్నంత కాలం రైతును కదిలించకూడదు. కౌలు హక్కును రైతు అమ్ముకోవచ్చు. అందరూ హోమ్‌రూల్ (ఐర్లండ్‌కు సొంత చట్టసభ ఇచ్చి స్వపరిపాలన) గురించే చెబుతారు గానీ, గ్లాడ్‌స్టన్ చేసిన అసలు పని ఇదేనని నాకనిపిస్తుంది. అదే ఏడాది, విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టమూ ఆయన ప్రభుత్వమే తెచ్చి పార్నెల్‌ను లోపల వేసింది! 1882 మేలో రాజీ కుదిరి పార్నెల్ బయటికొచ్చిన నాలుగు రోజులకే, ఐర్లండ్ వ్యవహారాలు చూసే మంత్రి, అంటే కొత్త చీఫ్ సెక్రటరీ ఫ్రెడరిక్ కావెండిష్‌ను డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో పొడిచి చంపారు. ఆయన గ్లాడ్‌స్టన్ మరదలి అల్లుడు, మన లెక్కలో ఇంటి అల్లుడి వరసే. అయినా పాత బాకీల భారం తగ్గించే చట్టం ఆ ఏడాదే వచ్చింది.

1885 ఎన్నికల్లో పార్నెల్ పార్టీకి 86 సీట్లు వచ్చాక గ్లాడ్‌స్టన్ హోమ్‌రూల్ వైపు తిరిగాడు. 1886లో బిల్లు 341-311 ఓట్లతో వీగిపోయింది. సొంత లిబరల్ పార్టీలోనే 93 మంది ఎదురు తిరిగారు. 83 ఏళ్ల వయసులో, 1893లో మళ్లీ తెచ్చాడు. పార్లమెంటు దిగువ సభ కామన్స్ ఒప్పుకుంది, ఎగువ సభ లార్డ్స్ 419-41తో తోసేసింది.

కౌలుదార్లు పొలం కొనుక్కునేందుకు పెద్ద ఎత్తున ప్రభుత్వ అప్పు ఇప్పించిన వింధమ్ చట్టం 1903లో వచ్చింది. తెచ్చింది హోమ్‌రూల్‌ను అడ్డుకున్న కన్సర్వేటివ్‌ల ప్రభుత్వమే.