బ్యాటరీకి ఇన్వర్టర్ కలిపేటప్పుడు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. బ్యాటరీ 12 వోల్టులే కాబట్టి భయం లేదని రాశారు. పొడి చేతికి ఆ వోల్టులు షాకు కొట్టవన్న మాట నిజమే గాని, అక్కడి ప్రమాదమంతా ఆంపియర్లలో ఉంది. ఒకప్పుడు నేను ప్లస్ బోల్టు బిగిస్తుండగా పానా రెండో కొస మైనస్‌కు తగిలింది. కళ్లు చెదిరే మెరుపు వచ్చి, పానా అంచు బఠాణీ గింజంత మేర కరిగిపోయింది. ఆ పానా ఇంకా నా పెట్టెలోనే ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. అందుకే ఉంగరం, గడియారం తీసేయండి, పానా పిడికి ఇన్సులేషన్ టేపు మందంగా చుట్టండి, నాన్న పక్కన లేకుండా పని మొదలుపెట్టకండి.

600 వాట్ల లోడుకు 230 వోల్టుల తీగలో మూడు ఆంపియర్ల లోపే పారుతుంది. అదే లోడుకు బ్యాటరీ తీగలో 50, ఇన్వర్టర్‌లో వృథా అయ్యేది కూడా కలిపితే సుమారు 60 ఆంపియర్లు పారుతుంది. కాబట్టి ఫ్యాను తీగ అక్కడ పనికిరాదు, 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వీలైనంత పొట్టిగా వాడాలి. లగ్గు (తీగ చివర బిగించే లోహపు కొక్కెం) వదులై ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఏర్పడినా ఆ ఒక్కచోటే 36 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌దీ దాదాపు అంతే, దాని వేడి ఎంతో మీకు తెలుసు కదా! ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే 80 ఆంపియర్ల డీసీ ఫ్యూజు పెట్టించండి. దూరంగా పెడితే ఆ మధ్యనున్న తీగకు కాపుదల ఉండదు.

కలిపే ముందు మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, ప్లస్, మైనస్ గుర్తులు మల్టీమీటరుతో సరిచూడండి. ఎర్ర తీగ ముందు, నల్ల తీగ చివర; విప్పేటప్పుడు నల్లదే ముందు. మైనస్ కలిసి లేనప్పుడు ప్లస్ మీది పానా ఇన్వర్టర్ రేకుకు తగిలినా కరెంటుకు దారి దొరకదు. చివరి తీగ తగిలించినప్పుడు ఇన్వర్టర్ లోపల ఛార్జి నిల్వ చేసే కెపాసిటర్లు నిండుతూ చిన్న నిప్పురవ్వ రావచ్చు, కంగారుపడకండి.

ఛార్జింగులో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలి ఆడే చోటే ఉంచండి. దీపం వెలిగే పూజగూడు కింద మాత్రం వద్దు. 230 వోల్టుల వైపు పని, ఎర్తింగు ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

అరగంట లోడు నడిపాక అంతా ఆపి, లగ్గుల దగ్గర చేయి వెనుక భాగం ఆనించి చూడండి. వేడి తగిలితే మైనస్ విప్పి, లగ్గు శుభ్రం చేసి మళ్లీ బిగించండి.

ఇట్లు,
మీ తాతయ్య