అట్లాస్ చిమ్మట రెక్క చివర ఉన్నది పాము తలేనా?

రెక్కలు బార్లా పరిచి, రెండు కొసల్లో రెండు పాము తలలు పెట్టుకుని కూర్చున్న అట్లాస్ చిమ్మట ఫొటో మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. కింద అదే పాత వ్యాఖ్య, శత్రువులను బెదరగొట్టడానికి ఇది పాము వేషం వేసిందని; దానికి అదే పాత ఖండన, అది పాము బొమ్మే కాదని. ఈ తగవు అర్థం కావాలంటే 2021 చివరి నెలలు చూస్తే చాలు.

ఆ అక్టోబరులో ఒక ట్వీట్ లోకం చుట్టి వచ్చింది. ఇదొక భారీ సీతాకోకచిలుక అట, రెండు వారాలే బతుకుతుందట, పాము వేషంలో గుడ్లకు కాపలా కాస్తుందట. ఇందులో నిలిచేది ఆయుష్షు సంగతి ఒక్కటే. పనిచేసే నోరు లేదు కనుక, గొంగళిపురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టిన కొవ్వు అయిపోయేదాకానే దీని బతుకు. గుడ్లు పెట్టడమే తప్ప కాపలా లేదు.

ఇంచుమించు అప్పుడే బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ బృందం పరిశోధన ‘కరెంట్ బయాలజీ’ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. అది ఫోన్లకెక్కలేదు. అసలు మలుపు మాత్రం అదే.

అట్లాస్ కుటుంబపు చిమ్మటలకు చెవులు లేవు (మన దసలి పట్టు చిమ్మటదీ ఇదే కుటుంబం). గబ్బిలం వస్తున్న చప్పుడు వాటికి తెలియదు. మరి ప్రాణం దక్కేదెలా? అమెరికాలోని లూనా చిమ్మటల మీద జరిపిన పరీక్షల్లో, గబ్బిలాల దాడులు సగానికి పైగా వెనక రెక్కలకుండే మెలితిరిగిన తోకల మీదికే వెళ్లాయని 2015లో తేలింది. అట్లాస్‌కు అలాంటి తోకలు లేవు. దాని బంధువర్గంలో తోకలేని చిమ్మటల ముందు రెక్కల కొసలను బ్రిస్టల్ బృందం పరీక్షించింది. అక్కడి మడతలు, ముడతలు గబ్బిలాలు ఎరను వెతకడానికి వదిలే, మన చెవికందని అతిధ్వనిని ఒంటికన్నా గట్టిగా తిప్పికొట్టాయి. అంటే గబ్బిలం గురి కొసకు మళ్లుతుంది. రెక్క కాస్త చిరిగినా పురుగు బతికి బయటపడుతుంది.

పాము పక్షానికీ ఒక మాట ఉంది. కాంటనీస్‌లో దీని పేరే పాముతల చిమ్మట. కదిలిస్తే నేలమీద పడి రెక్కలు మెల్లగా ఆడిస్తుంది. పగలు వచ్చేవి పిట్టలే కానీ గబ్బిలాలు కావు. నిజమే. అయితే పిట్టను బెదరగొట్టడానికి రంగులతో వేసిన బొమ్మ చాలు కదా, కొసన ఆ మడతలెందుకు?