పళ్లెంలోకి రాగానే మారిపోయే కణం

పసుపులోని కర్క్యుమిన్ మెదడులో ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తుందని ప్రయోగాల్లో తేలిందట, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. ఇలాంటి వార్తల వెనక తరచుగా ఉండే ప్రయోగం ఇది: బీవీ2 అనే ఎలుక కణాలని (మెదడులో కాపలా కాసే రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాలోకి క్యాన్సర్ జన్యువులు ఎక్కించి, ఎన్నాళ్లైనా విభజన చెందేలా చేసిన రకం) పళ్లెంలో పెంచి, బాక్టీరియా గోడలో ఉండే ఎల్‌పీఎస్ కలుపుతారు. అది టీఎల్‌ఆర్4 గ్రాహకాన్ని కదిలిస్తుంది, ఇన్‌ఫ్లమేషన్ జన్యువుల్ని నడిపే ఎన్‌ఎఫ్-కప్పాబి ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్తుంది, కొన్ని గంటల్లో టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే సైటోకైన్లు (రోగనిరోధక కణాలు పంపే సంకేత ప్రొటీన్లు), నైట్రిక్ ఆక్సైడ్ వాయువు బయటికొస్తాయి. కర్క్యుమిన్ వేస్తే ఇవి తగ్గుతాయి, అంతవరకు నిజమే. కానీ తిన్న పసుపులోంచి రక్తంలోకి చేరే కర్క్యుమిన్ చాలా తక్కువ. రోజూ పసుపు పాలు తాగుతున్నాం కాబట్టి మతిమరుపు జబ్బు రాదని ధీమాగా ఉండటం నమ్మకమే తప్ప విజ్ఞానం కాదు.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. పళ్లెంలో ఉన్నది అసలు మైక్రోగ్లియాయేనా?

2017లో మెదడు ఆపరేషన్లలో తీసిన కణజాలం నుంచి మానవ మైక్రోగ్లియాని వేరుచేసి పళ్లెంలో ఉంచి చూస్తే, 6 గంటల్లోనే వాటి గుర్తింపు జన్యువులు చాలావరకు అణిగిపోయాయి. ఎవరూ ఎల్‌పీఎస్ కలపలేదు! మెదడులో వాటికి అందుతున్నవి ఆగిపోయాయి, అంతే. ఉయ్యాల ఊపే చెయ్యి ఆగగానే లేచి కూర్చునే పసిపిల్లని తలుచుకోండి, గోల చెయ్యనక్కర్లేదు, ఊపు ఆగితే చాలు. ఆ ఊపే చేతుల్లో ముఖ్యమైనది టీజీఎఫ్-బీటా, ఇదీ రోగనిరోధక వ్యవస్థ వాడే సంకేతమే. అది గ్రాహకానికి అతుక్కుంటే స్మాడ్2, స్మాడ్3 ప్రొటీన్లు కేంద్రకంలోకి పోయి పీ2ఆర్‌వై12 లాంటి జన్యువుల్ని నడిపిస్తాయి. గాయపడ్డ కణాలు వదిలే ఏటీపీ, ఏడీపీల జాడ పట్టేది ఈ పీ2ఆర్‌వై12తోనే, అంటే ఊపు ఆగిన మైక్రోగ్లియాకి గాయం ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు. ఇంకో అద్భుతం ఏమిటంటే టీజీఎఫ్-బీటా తాళం వేసిన రూపంలో తయారవుతుంది. మైక్రోగ్లియా తన ఒంటి మీదున్న ఎల్‌ఆర్‌ఆర్‌సీ33తో దాన్ని పట్టి ఉంచితే, ఆనుకుని ఉన్న పొరుగు కణం ఇంటెగ్రిన్‌తో తాళం తీస్తుంది. పొరుగే లేని పళ్లెంలో ఆ తాళం తీసేదెవరు? పోలిక ఒక్కచోట చాలదు: ఊపు అందుతున్న మైక్రోగ్లియా నిద్రపోదు, 2005లో బతికున్న ఎలుక మెదడులో చూసినప్పుడు వాటి సన్నని కొమ్మలు ఎడతెరిపి లేకుండా కదులుతూ చుట్టుపక్కల తడుముతున్నాయి.

ఊపు ఆపడంతో సరిపెట్టామా అంటే అదీ లేదు, పెంచే ద్రవంలో మామూలుగా 10 శాతం దాకా ఆవు పిండం రక్తంలోంచి తీసిన సీరం కలుపుతాం. ఆరోగ్యంగా ఉన్న మెదడులో మైక్రోగ్లియాకి రక్తంలోని ప్రొటీన్లు తగలవు, తగిలాయంటే రక్తనాళం చిట్లినట్టే లెక్క. అంటే "కంట్రోల్" పళ్లెంలో ఉన్న కణం కూడా అప్పటికే ప్రమాదంలో ఉన్నానని అనుకుంటోంది, మనం దాని మీద ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్ పోసి తేడా కొలుస్తున్నాం. కాలేజీల్లో కల్చర్ నేర్పేటప్పుడు సీరం ఎంత కలపాలో చెప్తారు, అది కణానికి ఏం చెప్తుందో చెప్పరు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. 2017లోనే స్టాన్‌ఫర్డ్‌లో సీరం తీసేసి, టీజీఎఫ్-బీటా2, ఐఎల్-34 (మైక్రోగ్లియాని బతికించే సైటోకైన్), కొలెస్ట్రాల్ మాత్రం ఇచ్చి చూశారు. ఎలుక మైక్రోగ్లియా బతికింది, కొమ్మలతో బతికింది. మళ్లీ సీరం తగిలిస్తే బాగా మింగే కణంగా మారింది.

ఇంటర్‌ఫెరాన్ గామా సంగతి కూడా చెప్పాలి. టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వదిలే ఈ సైటోకైన్ స్టాట్1 ప్రొటీన్ ద్వారా మైక్రోగ్లియాని ముందే సిద్ధం చేస్తుంది, ఆ తర్వాత అదే మోతాదు ఎల్‌పీఎస్‌కి ఎలుక కణాలు నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా విడుదల చేస్తాయి. మానవ మైక్రోగ్లియా మాత్రం పళ్లెంలో ఆ వాయువుని దాదాపు విడుదల చెయ్యదు. అందుకే ఇప్పుడు మానవ మూలకణాల నుంచి ఐఎల్-34, టీజీఎఫ్-బీటాలతో మైక్రోగ్లియాని తయారుచేసి, ఎలుక మెదడులోనే నాటి పెంచుతున్నారు, అక్కడ పెరిగినవి పళ్లెంలో పెరిగిన వాటికంటే అసలు మానవ మైక్రోగ్లియాకి చాలా దగ్గరగా ఉంటున్నాయి.